మందు చీటీ రాసే ముందు మాతో కలిసి తూకం వేయండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్ళలో స్త్రీల వైద్యం చేస్తున్న డాక్టర్లకు, ఈ జిల్లాల ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు,

నమస్కారం. నేను గజపతి జిల్లాలో ఒక బడిలో టీచర్‌ని. నాకు ఎండోమెట్రియోసిస్ ఉందని తేలి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి హార్మోన్ మందులు వాడుతున్నాను. కొన్ని మానేశాను, కొన్ని మార్చుకున్నాను, ఒకటి ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇక్కడ తెలుగు మాట్లాడే ఆడవాళ్ళం ఈ జబ్బు సంగతి ఒకరితో ఒకరం చెప్పుకోవడం మొదలుపెట్టాక, నా ఒక్కదాని అనుభవం అనుకున్నది చాలామందిదని తెలిసింది. అందుకే మీకు రాస్తున్నాను.

మీరు ఇచ్చే మందుల మీద నాకు కోపం లేదు. వాటి వల్లే నెలకి నాలుగైదు రోజులు మంచం పట్టకుండా బడికి వెళ్ళగలుగుతున్నాను. నేను అడిగేది ఒక్కటే. ఆ మందు ఏ బాధ తగ్గిస్తుందో, బదులుగా ఏ కొత్త బాధ తేవచ్చో మొదలుపెట్టే ముందే మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అందులో ఏది భరించగలమో, ఏది భరించలేమో మమ్మల్ని అడగండి. ఆ తరవాత చీటీ రాయండి.

ఈ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఈ లేఖ చదివే మా అక్కచెల్లెళ్ళ కోసం రెండు మాటలు. గర్భసంచి లోపల ఉండే పొర లాంటి కణజాలమే సంచి బయట, అండాశయాల మీద, పేగుల మీద, పొత్తికడుపులో ఇంకెక్కడైనా పెరగడం ఎండోమెట్రియోసిస్. నెలసరి వచ్చినప్పుడల్లా అక్కడ వాపు, నొప్పి. అండాశయంలో పాత రక్తం నిండిన గడ్డ కడితే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు, మాలో చాలామందికి స్కానింగ్ దగ్గర మొదట వినబడే పేరు అదే. నెలసరి వచ్చే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జబ్బు మొదలయ్యాక పేరు తెలియడానికి చాలా దేశాల్లో ఏళ్ళకేళ్ళు పడుతోంది. మా దగ్గర ఆ ఏళ్ళన్నీ “పెళ్ళయితే సర్దుకుంటుంది”, “ఒక కాన్పయితే పోతుంది” అనే మాటల్లోనే గడిచిపోతాయి. కాన్పు ఈ జబ్బుకి మందు కాదని మీ నోటి నుంచి ఒక్కసారి వస్తే అత్తగారు కూడా నమ్ముతారు.

ఇంత ఆలస్యంగా పేరు తెలిసిన మనిషికి ఆ రోజు చీటీ చేతికొస్తుంది. ఒక మాత్ర, రోజూ ఒకటి, మూడు నెలల తరవాత కనబడమంటారు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారని నాకు తెలుసు. ఒక్కొక్కరికి ఎంత సేపు ఇవ్వగలరో కూడా ఊహించగలను. కానీ ఆ మాత్ర గురించి ఒక్క మాట చెప్పకుండా పంపిస్తే తరవాత ఏమవుతుందో మాకు తెలిసినంతగా మీకు తెలియదు. ఎందుకంటే ఆ మనిషి మళ్ళీ మీ దగ్గరికి రాదు.

రాయగడ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒకావిడ సంగతి చెబుతాను. ఆవిడకి డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర రాశారు. మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలకే చుక్కలు చుక్కలుగా రక్తం కనబడసాగింది. ఆగినట్టే ఆగి మళ్ళీ వచ్చేది. ఇంట్లో వంటకి, దేవుడి గదికి దూరంగా ఉంచే ఆచారం ఉన్నవాళ్ళు వాళ్ళు. నెలలో మూడొంతులు బయటే ఉండాల్సి వచ్చింది. “నొప్పికి మందంటే రగతం ఆగని మందు ఇచ్చినారు” అని భయపడి మానేసింది. నొప్పి తిరిగొచ్చింది. తరవాత ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే, మందు సరిగ్గా వాడలేదని చీవాట్లు తిన్నది. డైనోజెస్ట్ మొదట్లో ఇలా క్రమం తప్పిన రక్తస్రావం చాలా మామూలని, చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుందని, కొందరికి నెలసరే ఆగిపోతుందని, అలా ఆగడం వల్ల లోపల చెడు రక్తం పేరుకోదని మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆవిడ భయపడేది కాదు. ఆ మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

డైనోజెస్ట్ గురించి ఇంకొంచెం చెప్పాలి, మా ప్రాంతంలో ఇప్పుడు ఎక్కువగా రాస్తున్నది అదే. రోజుకి 2 మిల్లీగ్రాములు, విరామం లేకుండా. చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. తలనొప్పి, రొమ్ముల్లో సలపరం, మొటిమలు, కొంత బరువు పెరగడం, మనసు కుంగడం దీని వల్ల రావచ్చని మందు తయారుచేసేవాళ్ళే రాస్తారు. కానీ ఆ రాసేది సన్నటి కాగితం మీద, సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. మా దుకాణాల్లో అట్టను కత్తిరించి మాత్రలు విడిగా ఇస్తే ఆ కాగితం కూడా మా చేతికి రాదు. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ మాత్ర వేసుకుంటే నెలసరి ఆగవచ్చు, అండం విడుదల కూడా చాలావరకు ఆగుతుంది, అయినా దీన్ని గర్భనిరోధకంగా ఆమోదించలేదు. పిల్లలు వద్దనుకునేవాళ్ళు కండోమ్ లాంటి హార్మోన్ లేని పద్ధతి వేరుగా పాటించాలి. హార్మోన్ మాత్రే కదా, ఇక భయం లేదనుకుని ఊరుకున్న జంటలు నాకు తెలుసు.

మనసు కుంగడం దగ్గర కొంచెం ఆగుతాను. ఎవరూ అడగనిదీ, మేము చెప్పుకోలేనిదీ అదే. మాత్ర మొదలుపెట్టాక నాకు నొప్పి తగ్గింది గానీ, పొద్దున్న లేవాలంటే ఏడుపు వచ్చేది. క్లాసులో పిల్లలు నవ్వితే చిరాకు. నాకేదో అయిపోయిందని, నా స్వభావమే మారిపోయిందని అనుకున్నాను. ఇంట్లోవాళ్ళు కూడా అదే అన్నారు. అది మాత్ర వల్ల కావచ్చని అనుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా స్త్రీల వైద్య రికార్డులు పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవాళ్ళలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టడం ఎక్కువగా కనబడింది, టీనేజీ అమ్మాయిల్లో అయితే మరీ ఎక్కువ. అది గర్భనిరోధకాల గురించిన పరిశోధన, పైగా ఒకదాని వల్లే ఇంకొకటి వచ్చిందని దానితో తేలిపోదు. కానీ ఈ ప్రశ్న అడగాల్సినదే అని మాత్రం తెలుస్తుంది. ఏళ్ళ తరబడి నొప్పి భరించిన మనిషి మనసు ముందే కుంగి ఉండవచ్చు కూడా. అందుకే మందు ఇవ్వకముందే ఒకసారి “నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది” అని అడిగి రాసుకోండి. మూడు నెలలకి మళ్ళీ అవే ప్రశ్నలు అడగండి. అప్పుడు తేడా కనబడుతుంది. అంతకుముందు డిప్రెషన్ వచ్చిన మనిషైతే ఇంకా ముందుగా పిలవండి. నా విషయంలో మందు మార్చాక మనసు తేలికపడింది. ఇంకొకరికి అదే మాత్ర హాయిగా పడుతోంది, ఆవిడకి మొటిమలు తప్ప ఏమీ లేవు.

తరవాతది ఇంజెక్షన్. లూప్రోలైడ్ అనే ఈ మందు నెలకొకసారి 3.75 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలలకొకసారి 11.25 మిల్లీగ్రాములు ఇస్తారు. నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి మన దగ్గర రాస్తుంటారు. దీని పని తీరు విచిత్రంగా ఉంటుంది. అండాశయాలకి ఆజ్ఞ పంపే గ్రంథిని ఇది మొదట రెచ్చగొడుతుంది, తరవాత పూర్తిగా చల్లబరుస్తుంది. అందువల్ల మొదటి ఒకటి రెండు వారాలు నొప్పి పెరగవచ్చు. ఆ పైన ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్, ముట్లు ఆగిపోయిన వయసులో ఉన్నంత తక్కువకి పడిపోతుంది. పాతికేళ్ళ పిల్లకి యాభై ఏళ్ళ మనిషి బాధలు మొదలవుతాయి. ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, యోనిలో పొడిబారడం, భర్త దగ్గరికి వస్తే మంట. ఆ చివరి మాట ఏ ఆడమనిషీ మీకు తనంతట తాను చెప్పదు. మీరే అడగాలి, లేదా నర్సమ్మ చేత అడిగించాలి.

ఎముకలు పలచబడటం ఈ ఇంజెక్షన్‌తో ఉన్న అసలు చిక్కు. అందుకే దీన్ని ఒంటరిగా ఆరు నెలలకి మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది. ఎముకలను కాపాడటానికి కొద్దిపాటి హార్మోన్‌ను మాత్ర రూపంలో తిరిగి కలిపి ఇచ్చే పద్ధతి ఉంది. దానివల్ల ఆవిర్లు కూడా తగ్గుతాయి, నొప్పి మీద మందు పట్టు అంతగా సడలదు. 2022లో వచ్చిన యూరప్ వైద్యుల మార్గదర్శకాలు ఈ ఇంజెక్షన్‌ని రెండో వరస మందుగానే చూడమన్నాయి, అలా కలిపి ఇవ్వడం గురించి కూడా ఆలోచించమన్నాయి. మాలో ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళని అడిగితే చాలామంది “అలాంటి మాత్ర ఏదీ ఇవ్వలేదు” అంటున్నారు. ఇవ్వకపోవడానికి కారణం ఉంటే ఉండవచ్చు. ఆ కారణం మాకు చెబితే బాగుంటుంది.

పన్నెండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిల విషయం వేరు. వాళ్ళ ఎముకలు అప్పుడే గట్టిపడుతున్న వయసు. ఆ వయసు అమ్మాయిలకి డైనోజెస్ట్ 52 వారాలు ఇచ్చి చూసిన అధ్యయనంలో వెన్నెముక ఎముక సాంద్రత సగటున 1.2 శాతం తగ్గింది. మందు ఆపాక కొంత తిరిగి వచ్చింది. అలాగని ఆ వయసు పిల్ల నొప్పితో బడి మానేసి ఇంట్లో పడుకోవాలా? కూడదు. నా క్లాసులో అలాంటి పిల్లలు ఉన్నారు, ప్రతి నెలా వాళ్ళ హాజరు పట్టీ చూస్తే నాకు తెలిసిపోతుంది. ఆ పిల్లకి మందు ఇవ్వండి. దాంతోపాటు పాలు, రాగి జావ, ఎండలో ఆట, అవసరమైతే క్యాల్షియం, విటమిన్ డి సంగతి తల్లితో మాట్లాడండి. పెళ్ళి కాని పిల్లకి హార్మోన్ మాత్రలేమిటని ఇంట్లో గొడవ వస్తుందని మీకూ తెలుసు. ఆ మాత్ర వల్ల పిల్లలు పుట్టకుండా పోరని తల్లికి చెప్పండి. అలాగే పిల్లలు కావాలని ఎదురుచూస్తున్న మనిషికి ఈ మందులు గర్భం వచ్చే అవకాశాన్ని పెంచవని, వాడుతున్నంత కాలం ఆ అవకాశం చాలావరకు ఆగిపోతుందని కూడా దాచకుండా చెప్పండి. ముప్పై దాటిన మనిషి ఒక ఏడాది ఏ దారిలో ఖర్చుపెట్టాలో నిర్ణయించుకునేది ఆ మాట మీదే.

నోరెథిస్టిరాన్ మా ఇళ్ళకి కొత్తది కాదు. పెళ్ళికో, వ్రతానికో, బరంపురంలో ఠాకూరాణి జాతరకో నెలసరి వాయిదా వేసుకోవడానికి దుకాణంలో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే మాత్ర అదే. అదే మందును ఈ జబ్బుకి నెలల తరబడి రాసినప్పుడు “ఓ, ఆ పండగ మాత్రేనా” అని తేలిగ్గా తీసుకుంటాం. మోతాదు పెరిగితే ఆ మందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుందని, రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలని దుకాణంలో ఎవరూ చెప్పరు. సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా దొరికే మాలా-ఎన్ లాంటి జంట హార్మోన్ గర్భనిరోధక మాత్రలు కూడా ఈ నొప్పికి పనికొస్తాయి, ఖర్చు భరించలేనివాళ్ళకి అది పెద్ద మేలు. కానీ బీపీ ఉందా, కళ్ళ ముందు మెరుపులు కనబడి వచ్చే మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిందా అని అడగకుండా వాటిని ఇవ్వకూడదు. మన జిల్లాల్లో ఇంకో రెండు ప్రశ్నలు తప్పనిసరి. ఒకటి సికిల్ సెల్. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి రక్తం గడ్డకట్టే ముప్పు ముందే ఎక్కువ కాబట్టి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర రాసే ముందు ఆలోచించాలి. రెండోది టీబీ. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ హార్మోన్ మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. గర్భసంచికి, నాళాలకి వచ్చే టీబీ కూడా ఇలాంటి నొప్పితోనే కనబడి తికమక పెడుతుంది.

“అంతర” అనే సర్కారు గర్భనిరోధక హార్మోన్ ఇంజెక్షన్ గురించి కొంచెమే. మూడు నెలలకొకసారి, ఉచితం, రోజూ మాత్ర గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పొలం పనికో, వలస కూలికో వెళ్ళేవాళ్ళకి అది నిజంగా సుఖం. కానీ ఒకసారి వేశాక వెనక్కి తీయలేం, పడకపోతే మూడు నెలలు భరించాల్సిందే. ఆపాక మళ్ళీ గర్భం రావడానికి చాలా నెలలు ఆలస్యం కావచ్చు. ఎక్కువ కాలం వాడితే ఎముక సాంద్రత తగ్గుతుందని అమెరికా మందుల సంస్థ 2004లోనే డబ్బా మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది.

డానజోల్ పాత మందు. గొంతు బొంగురుపోతే మళ్ళీ మామూలు కాకపోవచ్చు, మొహం మీద వెంట్రుకలు రావచ్చు. ఇప్పటికీ ఎక్కడైనా రాస్తుంటే ఆ సంగతి చెప్పకుండా రాయకండి. పాటలు పాడుకునే మనిషికి గొంతంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

ఇక నేను ముఖ్యమనుకునే మాటకి వస్తాను. బ్రిటన్‌లో ఆపరేషన్ అయిన 405 మంది స్త్రీల మీద చేసి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొందరికి జంట హార్మోన్ మాత్రలు, మిగిలినవారికి అంతర లాంటి మూడు నెలల ఇంజెక్షనో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ సాధనమో ఇచ్చారు. మూడేళ్ళ తరవాత చూస్తే రెండు వైపులా నొప్పి సుమారు 40 శాతం తగ్గింది, పెద్ద తేడా లేదు. అంతకుముందే 2010లో వచ్చిన యూరప్ పరిశోధనలో 24 వారాలు పోల్చి చూస్తే డైనోజెస్ట్ నొప్పి తగ్గించడంలో లూప్రోలైడ్ ఇంజెక్షన్‌కి తీసిపోలేదు, ఆవిర్లు మాత్రం చాలా తక్కువ. నొప్పి తగ్గించడంలో మందులు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఏ మందు అన్నది ఎక్కువగా దుష్ప్రభావాల మీద, ఖర్చు మీద, ఆ మనిషి బతుకు మీద ఆధారపడుతుంది. ఆ తూకంలో సగం రాళ్ళు మీ దగ్గర ఉన్నాయి, మిగిలిన సగం మా దగ్గరే ఉన్నాయి. మగ్గం మీద కూర్చునే ఆవిడకి కీళ్ళ నొప్పి భరించరానిది. బస్సులో రోజూ గుణుపురం నుంచి రాయగడ వెళ్ళే ఉద్యోగినికి ఎప్పుడు రక్తం కనబడుతుందో తెలియకపోవడం భరించరానిది. కొత్తగా పెళ్ళయిన పిల్లకి పొడిబారడం భరించరానిది. నాకు మనసు కుంగడం. బరువు పెరిగినా నేను పట్టించుకోలేదు, మా చెల్లెలికి అయితే అదే పెద్ద టెన్షన్. వీటిలో ఏది ముఖ్యమైనదో స్కానింగ్ రిపోర్టులో ఉండదు.

ఇది మేము కొత్తగా అడుగుతున్న హక్కు కూడా కాదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఈ జబ్బు చుట్టూనే నడిచింది. 1995లో 44 ఏళ్ళ ఒక మహిళ పరీక్ష కోసం లాపరోస్కోపీకి, అంటే చిన్న గాటు పెట్టి కెమెరాతో కడుపు లోపల చూసే పద్ధతికి వెళ్ళింది. మత్తులో ఉండగా ఎండోమెట్రియోసిస్ కనబడిందని, బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. జబ్బు ఉన్న మాట నిజమే, ఆ ఆపరేషన్ వైద్యపరంగా తప్పు కాదని కోర్టు కూడా అంది. అయినా పరీక్షకి ఇచ్చిన అనుమతి చికిత్సకి అనుమతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు, తన నిర్ణయం తాను తీసుకోగల మనిషి కాసేపు మత్తులో ఉన్నంత మాత్రాన ఆవిడ తరఫున తల్లి ఒప్పుకున్నా చెల్లదని తేల్చి చెప్పింది. రోగికి ఏమి చెప్పాలో కూడా కోర్టు వివరించింది. చికిత్స ఏమిటి, దానివల్ల మేలు ఏమిటి, వేరే దారులు ఉన్నాయా, చెప్పుకోదగ్గ ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి. ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే ముప్పులన్నీ చదివి భయపెట్టనక్కర్లేదని కూడా అంది. నేను అడుగుతున్నదీ అంతే. ఆ తీర్పు ఆపరేషన్ గురించిందే, కానీ ఏళ్ళ తరబడి రోజూ మింగే మందుకి కూడా ఆ ప్రశ్నలు సరిపోతాయని నా నమ్మకం.

తెలుగువాళ్ళకి ఇంకా పాత జ్ఞాపకం ఉంది. 1985లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక హార్మోన్ ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్ళని పిలిపించి, వాళ్ళకి సరైన వివరాలు చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం నిలదీసింది. మరుసటి ఏడాది ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పేదవాళ్ళకి వివరాలు చెప్పినా అర్థం కావన్న మాటని అప్పుడే ఎదిరించారు. ఇప్పటికీ ఓపీలో “వాళ్ళకి చెప్పినా తెలీదులే” అన్న మాట వినబడితే నాకు ఒళ్ళు మండుతుంది. తెలుస్తుంది. విత్తనం కొనేటప్పుడు మొలక శాతం అడిగే మనిషికి మాత్ర సంగతి తెలియకపోదు.

భాష ఒక అడ్డు, నిజమే. ఈ జిల్లాల్లో మేము ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతాం. కొండ మీది నుంచి వచ్చే సవర, కువి ఆడవాళ్ళకి రెండూ అంతంతమాత్రం. నొప్పి ఎక్కడ, ఎలాంటిది అన్నది మనిషి పుట్టిన భాషలోనే సరిగ్గా చెప్పగలుగుతుంది. భర్తో, ఆశా కార్యకర్తో పక్కన నిలబడి మాట మారుస్తుంటే సగం విషయాలు ఆవిడ మింగేస్తుంది. మల విసర్జనలో నొప్పి, కలయికలో నొప్పి అసలే బయటికి రావు. జబ్బు గుర్తుపట్టడానికి మీకు అవే ముఖ్యం కదా. మీ ఓపీలో తెలుగు వచ్చిన నర్సులు ఉన్నారు, వాళ్ళతో రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. నెలసరి కోసం భూదేవికే మూడు రోజులు విశ్రాంతి ఇచ్చి ఊయలలూగే రజ పండగ జరుపుకునే నేల ఇది. ఆడదాని నొప్పిని విని పట్టించుకునే మర్యాద ఇక్కడ కొత్తగా నేర్పాల్సినది కాదు.

మందు పడక విసిగిపోయిన మనిషి చివరికి అడిగేది “సంచి తీసేయండి” అని. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద దాదాపు 3 శాతం ఉంటే, ఆంధ్ర, తెలంగాణల్లో 8, 9 శాతం దాకా ఉన్నారు. మా బంధుత్వాలన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపే. అక్కడ ఒకావిడ తీయించుకుని సుఖపడిందంటే ఇక్కడ ఇంకొకరు బయలుదేరుతారు. సంచి తీసినా బయట పెరిగినది మిగిలితే నొప్పి మిగలవచ్చని, అండాశయాలు కూడా తీస్తే ఇంజెక్షన్‌తో వచ్చిన ఆవిర్లు, ఎముకల బాధ ఇక జీవితాంతం అని వాళ్ళకి ఎవరు చెబుతున్నారు? కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా కావాలి, కాదనను. కానీ మొదటి మాత్ర ఎందుకు పడలేదో అడిగి, రెండోది ప్రయత్నించి, అప్పుడు మాట్లాడాల్సిన విషయం అది. మొదటి మాత్ర దుష్ప్రభావం గురించి చెప్పకపోవడం దగ్గర మొదలైన దారి కొందరిని ముప్పై రెండేళ్ళకే ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్తోంది. నేను చూశాను.

ఆరోగ్య అధికారులకి కొన్ని విన్నపాలు. ఒడిశా ప్రభుత్వ నిరామయ పథకం కింద ఇచ్చే ఉచిత మందుల్లో ఈ జబ్బుకి వాడే మాత్రలు మధ్యలో తెగిపోకుండా చూడండి. ఒక నెల ఉండి రెండో నెల లేకపోతే రక్తస్రావం మళ్ళీ మొదటికి వస్తుంది, తప్పు మందు మీద పడుతుంది. ఎముక సాంద్రత పరీక్ష దగ్గర్లో ఎక్కడ చేస్తారో, దానికి ఆరోగ్య కార్డు చెల్లుతుందో లేదో ప్రతి జిల్లా ఆస్పత్రి గోడ మీద రాయించండి. ఆశా కార్యకర్తల శిక్షణలో కాన్పు, కుటుంబ నియంత్రణతో పాటు నెలసరి నొప్పికి ఒక గంట కేటాయించండి. మందు మొదలుపెట్టాక మొదటి మూడు నెలల్లో ఒక ఫోన్ చేసి “రక్తం ఎలా ఉంది, నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది” అని అడగగలిగేది వాళ్ళే.

డాక్టర్లకి చివరిగా ఒక మాట. మీకు సమయం లేదని తెలుసు కాబట్టి మేము కొంత పని చేసి పెడతాం. ఇక్కడి తెలుగు టీచర్లం కొంతమందిమి కలిసి ఒక్కో మందుకి ఒక్కో పేజీ చొప్పున రాస్తున్నాం. ఈ మాత్ర దేనికి, మొదటి నెలల్లో ఏమి మామూలు, ఏది కనబడితే ఆగకుండా ఆస్పత్రికి రావాలి, ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు ఆపాలి, పిల్లలు కావాలంటే ఏం చేయాలి అన్నవి. కాలు వాచి నొప్పి పెట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా చూపు మసకబారడం, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావడం, వీటిలో ఏది కనబడినా వెంటనే రావాలని పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఒడియాలో రాయడానికి మా తోటి టీచర్లు ఒప్పుకున్నారు. మీరు ఆ పేజీలు చదివి తప్పులుంటే దిద్దండి, కిందన మీ ఆస్పత్రి ఫోన్ నంబరు రాయండి. చీటీతో పాటు ఆ కాగితం కూడా ఇచ్చి, “ఇందులో మీకు ఏది కష్టంగా ఉంటుంది?” అని అడగండి. ఆవిడ ఏదో ఒకటి చూపిస్తుంది. అక్కడి నుంచి మాట్లాడటం మొదలుపెట్టండి.

కాగితాలు వచ్చే నెలలో మీ ఆస్పత్రులకి పంపిస్తాం.

కృతజ్ఞతలతో,
పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు టీచర్